రక్షణ కొందరికా, అందరికా? డెల్టాకు చేరిన ఓ పాత తగువు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నర్సాపురం. తెలుగునాట బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘాల తొలి అడుగులు ఆ ఒడ్డున పడ్డాయి. దంతవైద్యం వదులుకుని బాగ్దాదులో సువార్త పని చేసిన ఆంథనీ నారిస్ గ్రోవ్స్ అనే ఆంగ్లేయుడు 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరిని భార్యలతో సహా ఓడలో మన దేశానికి తీసుకొచ్చాడు. ఒకరు రాతి పనివాడు, మరొకరు చెప్పులు కుట్టేవాడు. మలయాళ నిఘంటువు కూర్చిన హెర్మన్ గుండర్ట్ కూడా ఆ బృందంతోనే వచ్చాడు. బౌడెన్, బీర్ ముందు బందరులో ఆగి, తర్వాత నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలకు చేరారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. వాళ్ళు బయల్దేరి వచ్చింది ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి. ఆ ఊళ్ళో 1832లో రాబర్ట్ చాప్మన్ కాపరిగా చేరిన ఎబెనేజరు ప్రార్థనాలయం పర్టిక్యులర్ బాప్టిస్టులది. క్రీస్తు సిలువ మీద ప్రాణం పెట్టింది దేవుడు ముందే ఏర్పరచుకున్నవారి కోసమేనని నమ్మినవాళ్ళకు ఆ పేరు. మనుషులందరి కోసమూ చనిపోయాడని నమ్మినవాళ్ళు జనరల్ బాప్టిస్టులు. కొందరికా, అందరికా అన్న తగువు సంఘం పేరులోనే స్థిరపడిన చోటు నుంచి వచ్చినవాళ్ళు డెల్టాలో ఏం చేశారన్నది చూస్తే, ఆ తగువులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయని తెలుస్తుంది. రక్షణ చివరికి ఎవరికి దక్కుతుందన్నది ఒకటి. దాన్ని ఎవరి ముందుకు తీసుకెళ్ళాలన్నది రెండోది. ఐరోపా మొదటి ప్రశ్న మీద వందల ఏళ్ళు వాదించుకుంది. తెలుగు నేల మీద పరీక్షకు నిలిచింది రెండోదే. ఊరికీ పల్లెకూ మధ్య గీత గీసి ఉన్న చోట అది పుస్తకాల్లో తేలే సంగతి కాదు.

ఈ తగువు మూలం అయిదో శతాబ్దంలో ఉంది. మనిషి తన ఇష్టంతో మంచిని ఎంచుకోగలడన్న పెలాగియస్‌ను, కృప లేనిదే ఆ ఇష్టం కూడా పుట్టదన్న అగస్టీను ఎదిరించాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను ఖండించింది. కానీ అగస్టీను గెలుపు మరో చిక్కు తెచ్చింది. కృప దేవుడిచ్చేదే అయితే, అది అందనివాళ్ళకు ఎందుకు అందలేదు? ఆ చిక్కు విప్పబోయి డచ్చి పండితుడు అర్మీనియస్, దేవుని పిలుపు అందరికీ ఉందనీ దాన్ని మనిషి తోసిపుచ్చగలడనీ చెప్పాడు. ఆయన 1609లో కన్నుమూశాక శిష్యులు ఆ మాటనే అయిదు అంశాలుగా పెట్టగా, 1618-19లో డార్ట్ నగరంలో కూడిన సభ తోసిపుచ్చింది. మన తీరానికి ఇక్కడొక సంబంధం ఉంది. ఆ శతాబ్దంలోనే డచ్చివాళ్ళు బందరులోనూ పాలకొల్లులోనూ గుడ్డల వ్యాపారానికి కోఠీలు పెట్టారు. ఏర్పాటు సిద్ధాంతం మీద తమ దేశాన్నే రెండుగా చీల్చుకున్న జాతి ఇక్కడ సరుకు చూసుకుంది, సమాధులు మిగిల్చింది. కొందరికా, అందరికా అన్న ప్రశ్నకు ఇక్కడి నేతగాడి ముందు ఏ జవాబూ పెట్టలేదు. సిద్ధాంతం ఎంత నిక్కచ్చిగా తేల్చుకున్నా, కబురు మోసుకెళ్ళే మనిషి లేకపోతే ఏమీ జరగదని ఇంతకన్నా బాగా చూపే ఉదాహరణ నాకు తోచలేదు.

ఆ మౌనాన్ని బద్దలు కొట్టింది కూడా ఏర్పాటును నమ్మినవాళ్ళే కావడం ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే విషయం. పర్టిక్యులర్ బాప్టిస్టుల్లో కొందరు కాపరులు, ఎవరు ఏర్పరచబడ్డారో తెలియదు గనక అందరినీ విశ్వసించమని పిలవడమే తప్పని బోధించేవారు. ఆండ్రూ ఫుల్లర్ 1785లో అచ్చువేసిన గ్రంథంలో దాన్ని ఖండించాడు. మనిషి రాలేకపోవడానికి కారణం శక్తి లేకపోవడం కాదు, మనసు లేకపోవడం. కాబట్టి పిలవడం న్యాయం, రావడం ప్రతివాడికీ విధి అన్నాడు. 1792లో విలియం కేరీ, ఫుల్లర్ కలిసి పెట్టిన మిషనరీ సంఘం ఆ వాదం మీదే నిలబడింది. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది ఆ సంఘం బెంగాలులోని శ్రీరాంపురంలో నడిపిన ముద్రణాలయంలోనే. ఇక బ్రదరెన్ బోధకులు లేవీయకాండం 16వ అధ్యాయంలోని రెండు మేకల్ని ఆధారం చేసుకున్నారు. ఒక మేక రక్తం దేవుని సన్నిధికి వెళ్తుంది, రెండోదాని తల మీద జనుల పాపాలు ఒప్పుకొని దాన్ని అడవిలో వదిలేస్తారు. డార్బీ వంటి బోధకులు మొదటిదాన్ని లోకమంతటి కోసం జరిగిన ప్రాయశ్చిత్తంగానూ, రెండోదాన్ని విశ్వసించినవారి బదులు పాపభారం మోయడంగానూ విడదీశారు. ఈ వివరణ అతుకులబొంతలా అనిపించవచ్చు. కానీ బోధకుడికి అది ఇచ్చిన స్వేచ్ఛ పెద్దది. ఎవరి గుమ్మం ముందైనా నిలబడి, నీ కోసం కూడా ఇది జరిగిందని సంకోచం లేకుండా చెప్పగలిగాడు.

చెప్పగలగడం వేరు, ఆ గుమ్మం దాకా వెళ్ళడం వేరు. బందరులో ఆంగ్ల మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో తెరిచిన బడి పై కులాల పిల్లల్ని దృష్టిలో పెట్టుకున్నది. అంటరానివాళ్ళను చేర్చుకుంటే మిగతావాళ్ళు వెళ్ళిపోతారన్న భయంతో వాళ్ళకు తలుపు తెరవలేదు. నోబుల్ చిత్తశుద్ధిని నేను శంకించను. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే బడి దాదాపు ఖాళీ అయింది, అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. కానీ పైనుంచి కిందికి దిగుతుందిలే అన్న ఆ ఆలోచన కూడా ఒక ఏర్పాటే, అది మనుషులు చేసినది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు అదే పరీక్ష ఎదురైంది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని బ్రాహ్మణ పెద్దలు చెప్పినప్పుడు, క్లౌ దంపతులు విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసేవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. ఐరోపాలో తలుపు వేయడానికి పనికొచ్చిన ఎన్నిక ఇక్కడ తలుపు తీసింది. ఆ తలుపులోంచి ముందుగా వచ్చిన మాదిగ బోధకుడు యర్రగుంట్ల పేరయ్య. 1866లో బాప్తిస్మం తీసుకోవడానికి ముందు, పని మీద ఉత్తరానికి వచ్చిన రోజుల్లో, ఆయన సువార్త విన్నది మన డెల్టాలోని బౌడెన్ దగ్గరా, ఏలూరులోని మిషనరీ అలెగ్జాండర్ దగ్గరా.

దక్కేది కొందరికే అయినప్పుడు అందరినీ పిలవడం బూటకం కాదా అని అడిగేవాళ్ళకు ఫుల్లర్ జవాబు సగమే సరిపోతుందని నా అభిప్రాయం. మనసు మార్చగలవాడు దేవుడొక్కడే అయినప్పుడు, మనసు లేదన్న నింద మనిషి మీద పూర్తిగా మోపడం కుదరదు. తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం దేవుడు మనుషులందరి రక్షణ కోరుతున్నాడని చెబుతుంటే, అందరూ అంటే అన్ని రకాలవాళ్ళని అర్థం తగ్గించి చదవడం నాకు సమ్మతం కాదు. పిలుపు అందరికీ, నిజంగానే. మరో అభ్యంతరం మన దగ్గరే పుట్టింది: పేదలు వచ్చింది రక్షణకు కాదు, తిండికి. దీనికి జవాబు 1876-78 కరువులో ఉంది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కానీ కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలి వాళ్ళను బోధకుడికి దగ్గర చేసి ఉండవచ్చు. గింజలు పంచడం ఆగాక కూడా వాళ్ళను నిలిపింది ఆకలి కాదు.

మిగిలే అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. అందరికీ అన్నప్పుడు, కబురు చెవిన పడకుండానే తరాలకు తరాలు వెళ్ళిపోయినవాళ్ళ మాటేమిటి? చివరికి అందరూ చేరతారన్న ఆశను మూడో శతాబ్దంలో ఆరిజెన్ వ్యక్తం చేశాడు, తర్వాతి సంఘం దాన్ని తోసిపుచ్చింది. నెల్లూరులో పుట్టిన పాండిపెద్ది చెంచయ్య ఇంకో దారి పట్టాడు. 1938లో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు ముందు మద్రాసులో వెలువడిన సంకలనంలో డచ్చి మిషనరీ పండితుడు హెండ్రిక్ క్రేమర్‌కు బదులిస్తూ, క్రీస్తు తెచ్చింది కొత్త సృష్టి అనీ, దాన్ని సంఘమనే సంస్థ హద్దుల్లో బిగించకూడదనీ వాదించాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు అందరికీ అన్న వెస్లీ వారసులూ, ఏర్పాటును బోధించిన కాల్విన్ వారసులూ ఈ తగువు తేల్చుకోకుండానే ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అది సరైన పనే. వినని వాళ్ళ విషయంలో చెంచయ్య చూపిన విశాలత నాకు నచ్చుతుంది, దేవుని కనికరానికి మిషన్ స్టేషన్ల పటం కొలత కాలేదు. అయితే చదువూ పలుకుబడీ ఉన్న కుటుంబంలో పుట్టినవాడికి సంఘం హద్దులు ఇరుకుగా తోస్తాయి. ఏ గుడిలోకీ, ఏ బడిలోకీ రానివ్వని పేరయ్యకు ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి ఇది నీకు కూడా అని నోటితో చెప్పడమే పిలుపు. అందరికీ అన్న మాటను అక్కడ ఎవరో ఒకరు నడిచి వెళ్ళి చెప్పవలసి వచ్చింది.