ట్యాబ్‌లో పాఠం ఎక్కడి నుంచి వచ్చింది?

2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి. అంతకు ఎనిమిది నెలల ముందే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోంచి కొంత కొంత తీసి ఏర్పరచిన జిల్లా అది. ఆ పంపిణీలో రాష్ట్రమంతటా పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. పరికరం కొత్తదే. బొమ్మనూ మాటనూ జతచేసి సైన్సు చెప్పే పద్ధతి మాత్రం చాలా పాతది.

1658లోనే కొమీనియస్ అనే చెక్ విద్యావేత్త పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం వేశాడు. బొమ్మలోని ఒక్కో వస్తువుకు ఒక అంకె, ఆ అంకె పక్కన దాని పేరు. చూపు, మాట ఒకచోట కలవాలన్నది ఆయన పట్టుదల.

తెలుగు పల్లెకు ఆ ఆలోచన ఆకాశం మీదుగా వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ఊళ్లకు టీవీ పాఠాలు పంపే ‘సైట్’ ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లు అందులో ఉన్నాయి. కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగులాంటి యాంటెనా, దానికి తగిలించిన ఒక టీవీ! పొద్దున బడి పిల్లలకు కార్యక్రమాలు వచ్చేవి. సెలవుల్లో దాదాపు 48 వేల మంది టీచర్లకు పన్నెండేసి రోజులు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ, రేడియో, అచ్చు పాఠం, చేసి చూసే ప్రయోగం అన్నీ కలిపిన ఆ ఏర్పాటును మల్టీమీడియా ప్యాకేజీ అనే పిలిచారు. ‘సైట్’లోని తెలుగు ఊళ్లు తెలంగాణ, రాయలసీమలవే. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఊళ్లకు ఆ అవకాశం దక్కలేదు.

ఇలాంటి పాఠం ఎందుకు పనిచేస్తుంది? ఎప్పుడు బెడిసికొడుతుంది? జవాబు మనస్తత్వ శాస్త్రం చెప్పింది. ఒక్కసారిగా మనసులో నిలిచే విషయాలు ఏడు, అటూ ఇటూ రెండు అని 1956లో జార్జ్ మిల్లర్ రాశాడు. మాటకు ఒక దారి, బొమ్మకు మరో దారి ఉంటాయని 1971లో అలన్ పైవియో అన్నాడు. మోయలేని బరువు పెడితే నేర్చుకోవడం ఆగిపోతుందని 1988లో జాన్ స్వెల్లర్ చూపాడు. వీటన్నిటినీ కలిపి పరీక్షించినవాడు రిచర్డ్ మేయర్. ఆయన ఎంచుకున్న వస్తువు సైకిల్ పంపు! అది ఎలా పనిచేస్తుందో మాటల్లో ముందు చెప్పి, కదిలే బొమ్మ తర్వాత చూపితే ఫలితం అంతంత మాత్రమే. రెండూ ఒకేసారి అందినవాళ్లు కొత్త చిక్కుల్ని బాగా విప్పగలిగారు.

దీన్ని మన మిరప చేలో పెట్టి చూద్దాం. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిరప తోటల్ని దెబ్బతీసింది. దాని మీద పాఠం చేయాలంటే తెర నిండా అక్షరాలు, వెనక సినిమా పాట, మూలన గంతులేసే కార్టూను అక్కర్లేదు. మొదట పువ్వు ఒక్కటే చూపాలి. రేకు, కేసరం, అండాశయం పేర్లు ఆ భాగాల పక్కనే ఉండాలి. తర్వాత పువ్వులో దూరిన పురుగును చూపుతూ, అదే క్షణంలో గొంతు వినిపించాలి. అక్కడ ఆపి, పిల్ల నొక్కితేనే తర్వాతి ముక్క రావాలి. పూత ఎందుకు రాలిందో పిల్లనే చెప్పమనాలి. ఆపైన ట్యాబ్ మూసి చేలోకి పంపాలి, నాలుగు పూలు తెల్ల కాగితం మీద దులిపి పురుగుల్ని లెక్కపెట్టమని.

తెర ఎంత మంచిదైనా చేతి పనికి బదులు కాదు. ప్రకాశం సహా ఏడు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులు వాన కురిసిన కొలత, బోరులో నీటిమట్టం తామే రాసుకుని, ఉన్న నీటిని బట్టి పంట ఎంచుకున్నారు. భూగర్భజల శాస్త్రాన్ని వాళ్లు నేర్చుకున్నది ఆ కొలతల్లోనే.

మీ ఇంట్లో ట్యాబ్ ఉంటే ఒక సైన్సు పాఠం తెరవండి. మాట వినిపిస్తున్నప్పుడే బొమ్మ కదులుతోందా? అక్కర్లేని హంగులేమైనా ఉన్నాయా? పిల్ల ఆపుకోగలుగుతోందా? మూడూ చూసుకుని, పాఠం అయ్యాక పిల్లనే మీకు చెప్పమనండి.