1996 నల్గొండ లోక్‌సభ ఎన్నిక

1996 నల్గొండ లోక్‌సభ ఎన్నిక 11వ లోక్‌సభకు జరిగిన సాధారణ ఎన్నికలలో భాగంగా, అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని నల్గొండ నియోజకవర్గంలో జరిగిన ఎన్నిక. ఫ్లోరైడ్ సమస్యను దేశం దృష్టికి తెచ్చేందుకు బాధిత ప్రాంతాల ప్రజలు పెద్దసంఖ్యలో స్వతంత్రులుగా నిలబడడంతో మొత్తం 480 మంది అభ్యర్థులు రంగంలో మిగిలారు. ఒక లోక్‌సభ స్థానానికి ఇంతమంది పోటీచేయడం దేశ ఎన్నికల చరిత్రలో రికార్డు.

నేపథ్యం

నల్గొండ జిల్లాలో నీటి లభ్యత అన్ని ప్రాంతాలలో ఒకేరీతిగా లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న త్రిపురారం, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలకు కృష్ణా జలాలు అందాయి. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వంటి మెట్ట ప్రాంతాలకు మాత్రం బావులు, బోర్ల నీరే ఆధారమైంది. ఈ భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ అధికంగా ఉండడం వలన పళ్ళు గారపట్టడం, ఎముకలు వంకరపోవడం, నడుము వంగిపోవడం వంటి లక్షణాలుగల ఫ్లోరోసిస్ వ్యాధి వ్యాపించింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే పేరు రావడం ఇక్కడి సమస్య తీవ్రతను సూచిస్తుంది. కృష్ణా జలాలను ఈ ప్రాంతానికి తీసుకురావాలని దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి ఉద్యమించింది.

నామినేషన్లు

వినతులు, ఆందోళనలు ఫలించకపోవడంతో సమితి ఎన్నికలనే నిరసన వేదికగా ఎంచుకొంది. గెలుపు కాక, సమస్య ప్రచారమే వీరి లక్ష్యం. అప్పట్లో లోక్‌సభ అభ్యర్థి చెల్లించవలసిన ధరావతు 500 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 250 రూపాయలు మాత్రమే.

పోలింగు, ఫలితం

ఓటింగు యంత్రాలు లేని ఆ ఎన్నికలో ప్రతి అభ్యర్థి పేరు, గుర్తు బ్యాలెట్ పత్రంపై ముద్రించవలసి వచ్చింది. 480 పేర్లతో బ్యాలెట్ పత్రం పుస్తక రూపం దాల్చింది. దానికి తగిన పెద్ద పెట్టెలు కూడా అవసరమయ్యాయి. ఈ ఏర్పాట్ల కోసం ఎన్నికల సంఘం పోలింగును వాయిదా వేసింది. భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం విజయం సాధించాడు. ఇతడు సూర్యాపేటకు చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు, 1991లోనూ ఇదే స్థానం నుండి ఎన్నికయ్యాడు. మొదటి మూడు స్థానాలలో నిలిచినవారు మినహా 477 మంది ధరావతు కోల్పోయారు.

పర్యవసానాలు

అదే సంవత్సరం కర్ణాటకలోని బెల్గాం లోక్‌సభ స్థానానికి 456 మంది, తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానానికి 1,033 మంది పోటీచేశారు. 1996 ఆగస్టులో అమలులోకి వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్ట సవరణ లోక్‌సభ ధరావతును 10,000 రూపాయలకు (షెడ్యూల్డు కులాలు, తెగలకు 5,000) పెంచింది. గుర్తింపు పొందిన పార్టీలకు చెందని అభ్యర్థులను పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలనే నియమం కూడా వచ్చింది. అయినప్పటికీ 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఇదే మార్గాన్ని అనుసరించగా 185 మంది బరిలో నిలిచారు.

ఫ్లోరైడ్ పీడిత గ్రామాలకు నదీజలాలను అందించే ప్రయత్నాలు తరువాతి ప్రభుత్వాల కాలంలోనూ కొనసాగాయి. ఇంటింటికీ తాగునీటిని ఉద్దేశించిన మిషన్ భగీరథ పథకపు పైలాన్‌ను 2015లో నల్గొండ జిల్లా చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు.

ఇవి కూడా చూడండి

ఫ్లోరోసిస్
బొమ్మగాని ధర్మభిక్షం
నాగార్జునసాగర్ ప్రాజెక్టు