హిజ్లీ భవనము

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగిన తెలుగువానికి పరదేశమునకు వచ్చినట్లు తోచదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు అక్కడి కర్మాగారములలో కూలికిని కొలువునకును తరలివచ్చి, వీథులకు వీథులే తమవిగా చేసికొనిరి. ఒకే బజారులో బంగాళీ, హిందీ, తెలుగు, ఒడియా వినబడుచుండును. ఈ పట్టణమును ఆనుకొని హిజ్లీ అను చోట ఒక పాత భవనము కలదు. క్రొత్తగా ఏర్పడనున్న ఒక జిల్లాకు కచ్చేరీగా దానిని కట్టిరి. ఆ జిల్లా ఏర్పడనే లేదు. పిమ్మట అది చెరసాల అయినది, ఆ తరువాత యుద్ధశిబిరమైనది, కడపట విద్యాలయమైనది. కడపటి సంగతి లోకవిదితము. మొదటి రెండును ఒక్క గోడల నడుమ జరిగినవని తలచుకొనువారు తక్కువ. మనిషిని చంపుట ఎప్పుడు ధర్మమగునన్న ప్రశ్నను గ్రంథములలో వెదకుటకంటె ఆ గోడలయొద్ద నిలిచి వేసికొనుట మేలని నాకు తోచినది.

1930లో బెంగాలు ప్రభుత్వము అక్కడ నిర్బంధ శిబిరమును నెలకొల్పెను. విచారణ లేకయే పట్టుబడిన యువకులను అందులో ఉంచిరి. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి కావలి సిపాయిలు నిరాయుధులైన ఖైదీలపై తుపాకులు కాల్చిరి. సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇరువురు మరణించిరి, పలువురు గాయపడిరి. వారి దేహములను కలకత్తాకు తీసికొనిపోవుటకు సుభాస్ చంద్ర బోసు స్వయముగా వచ్చెను. కొలది దినములకు కలకత్తా మైదానములో జరిగిన నిరసన సభకు, ఆరోగ్యము బాగుగా లేకున్నను, రవీంద్రనాథ ఠాకూరు అధ్యక్షత వహించెను. సర్కారు నియమించిన విచారణ సంఘము సైతము ఆ కాల్పులను సమర్థింపలేకపోయెను.

కథ అక్కడ ఆగలేదు. 1932 ఏప్రిల్ 30న మేదినీపురము జిల్లా మేజిస్ట్రేటు డగ్లస్‌ను ప్రద్యోత్ భట్టాచార్య, ప్రభాంశు పాల్ అను యువకులు కాల్చి చంపిరి. పట్టుబడిన ప్రద్యోతుని జేబులో దొరకిన చీటీలో హిజ్లీ దారుణమునకు ఇది ప్రతిక్రియ యను భావము ఉండెను. 1933 జనవరిలో అతనిని ఉరితీసిరి. డగ్లస్‌కు ముందటి మేజిస్ట్రేటు పెడ్డీ 1931 ఏప్రిల్‌లో హతుడై యుండెను; తరువాతివాడు బర్జ్ 1933 సెప్టెంబరులో ఫుట్‌బాలు మైదానములో హతుడయ్యెను. మూడేండ్లలో ఒక్క జిల్లాలో ముగ్గురు అధికారులు! ఆ హత్యలకు మారుగా ఎందరో యువకులు ఉరికంబమెక్కిరి, కొందరు ఆ స్థలముననే నేలకొరగిరి. సర్కారు దృష్టిలో ఇది నేరము. ఆ యువకుల దృష్టిలో ఇది యుద్ధము. యుద్ధమే యైనచో, శత్రుసేనలోని వాడెవడు? పన్ను వసూలు చేయు అధికారి సైనికుడా? ప్రద్యోతుని త్యాగమునకు నమస్కరింపవలసినదే. ఆ నమస్కారముతో ఈ ప్రశ్న సమసిపోదు.

ఇచ్చట అనువాదకుని వృత్తిలో నాకు కలిగిన చిక్కును చెప్పుకొందును. మనకును హిందీవారికిని ‘హత్య’, ‘వధ’ అను రెండు మాటలు ఉమ్మడిసొత్తు. కీచకవధ యందుము గాని కీచకహత్య యనము. మైథిలీశరణ గుప్తు 1910లో ప్రకటించిన కావ్యమునకు ‘జయద్రథ్ వధ్’ అని పేరు పెట్టెను. గాంధీమహాత్ముని విషయములో మాత్రము ఏ భాషలోనైనను హత్యయే అందుము. ఆయనను చంపినవాని పక్షమువారు ‘వధ’ అని వ్రాసినప్పుడు, ఆ ఒక్క మాటతోనే తమ మనస్సును బయటపెట్టుకొనిరి. చంపుటకు మన సమ్మతి యున్నచో వధ, లేనిచో హత్య. చచ్చినవానికి ఈ భేదము తెలియదు. డగ్లస్ సంగతిని అనువదింపవలసివచ్చినప్పుడు ఏ మాట వేయవలెనో తోచక నేను ‘చంపిరి’ అని వ్రాసి ఊరకుంటిని. పైన గూడ అట్లే వ్రాసితిని.

ఇక రెండవ అంకము. 1942లో నిర్బంధ శిబిరము మూతపడినది. ఆ అక్టోబరులో మేదినీపురము తీరమును పెనుతుపాను ముంచినది. మరుసటి యేడు కరవు వచ్చినది. బెంగాలు కరవులో 15 లక్షలమంది చనిపోయిరని 1945నాటి విచారణ సంఘము లెక్కించెను. తరువాతి పరిశోధకులు 30 లక్షల వరకు చెప్పుదురు. వీరిపై ఎవరును తుపాకి పేల్చలేదు. బియ్యమును, పడవలను శత్రువునకు చిక్కకుండ తొలగించుట, సైన్యమునకును నగరమునకును ముందు తిండి పెట్టుట, ధరలను వదలివేయుట — ఇవి యుద్ధపు లెక్కలు. యుద్ధములో హతులైనవారి పట్టికలో వీరి పేళ్లు చేరవు. జనము గంజికై మలమల మాడిన ఆ జిల్లాలోను, దాని పొరుగునను, 1943 చివరినుండి వేలాది కూలీలచేత ఖరగ్‌పూర్, చాకులియా, పియార్డోబా, దూద్‌కుండీలలో పెద్ద విమానముల కొరకు పొడవైన దారులు వేయించిరి.

అమెరికావారి ఇరువదవ బాంబరు దళమునకు ముఖ్యకార్యాలయమైనది హిజ్లీ భవనమే. ఆ దళము బి-29 విమానములు 1944 జూన్ 5న ఈ చుట్టుపట్లనుండి లేచి తొలిసారి శత్రులక్ష్యముపై బాంబులు వేసినవి. ఆ లక్ష్యమేమి? బ్యాంకాక్‌లోని మక్కాసాన్ రైల్వే కర్మాగారము. అనగా ఒక రైల్వే ఊరినుండి లేచి మరియొక రైల్వే ఊరిని కొట్టినవి. ఖరగ్‌పూర్‌లో ఇంజనులకు మరమ్మతు చేయు మన తెలుగు కమ్మరి వంటివాడే అక్కడను సుత్తి పట్టుకొని యుండును. పది దినములకు చీనాలోని చెంగ్డూ మీదుగా పోయి జపానులోని యవాటా ఉక్కు కర్మాగారముపై దాడి చేసిరి. దానికి కావలసిన పెట్రోలంతయు హిమాలయములు దాటించి మోయవలసివచ్చెను, ఫలితము స్వల్పము.

ఆ ఆగస్టు చివర కర్టిస్ లెమే అను సేనాని ఖరగ్‌పూర్‌కు వచ్చి దళాధిపత్యము వహించెను. 1944 డిసెంబరు 18న 80కి పైగా విమానములు జపానువారి వశములోనున్న చీనా నగరము హాంకౌపై 500 టన్నులకు పైగా అగ్నిబాంబులు కురిపించినవి. నగరము మూడు దినములు మండెను. కాలినది మిత్రదేశపు నగరము, ఇండ్లు చీనావారివి. అగ్ని చేయగల పని యెంతటిదో సేనానులకు అక్కడ తెలిసినది. మరుసటి నెలలో లెమే పసిఫిక్ ద్వీపములకు మారిపోయెను. 1945 మార్చి 9-10 రాత్రి టోక్యోను తగులబెట్టించెను. ఆ ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది చనిపోయిరని సామాన్యపు అంచనా. అందు అధికులు స్త్రీలు, వృద్ధులు, బిడ్డలు. ఖరగ్‌పూర్‌లో ఆ దళమునకు లెక్కలు చూచిన యువకులలో రాబర్టు మక్‌నమారా ఒకడు. తరువాత అతడు అమెరికా రక్షణమంత్రియై వియత్నాం యుద్ధమును నడపెను. ముదిమిలో, 2003లో వచ్చిన ఒక చలనచిత్రములో, తాము ఓడియుండినచో యుద్ధనేరస్థులుగా విచారింపబడియుందుమని లెమే అన్న సంగతిని చెప్పి, అది నిజమేనని తానును ఒప్పుకొనెను.

మహాభారత పాఠకునకు ఇది క్రొత్త కాదు. భీష్మపర్వములో ఉభయపక్షములును నియమములు చేసికొనిరి: రథికునితో రథికుడు, పదాతితో పదాతి పోరవలెను, ఆయుధము వదలినవానిని, వెనుదిరిగినవానిని, బరువులు మోయువానిని కొట్టరాదు. పదునెనిమిది దినములలో ఒక్కొక్క నియమమే సడలిపోయినది. సడలించినవారిలో మనము పూజించువారును కలరు. సౌప్తికములో అశ్వత్థామ నిద్రించువారిని చంపువేళకు ఏ నియమమును మిగులలేదు. తండ్రిని అధర్మముగా చంపిరన్న దుఃఖము అతనిది. ఆ దుఃఖము నిజమైనదే. ప్రద్యోతుని చీటీయు, టోక్యోపై అగ్నియు ఒకటే యని నేననను. ఒకడు తన ప్రాణమును పణముగా పెట్టి ఒకనిని చంపెను. మరియొకడు తాను చూడని లక్షమందిని లెక్క వేసి చంపెను. అయినను రెంటికిని ముందు వాడొక దుర్మార్గము చేసెనను మాట ఒకటి కలదు. జపాను సైన్యము చీనాలో చేసిన ఘోరములు కల్పితములు కావు. ఆ యుద్ధము ముగిసిన మరుసటి సంవత్సరమే దినకరుడు ‘కురుక్షేత్ర’ కావ్యమును ప్రకటించి, యుధిష్ఠిరుని పశ్చాత్తాపమును భీష్ముని యెదుట నిలిపెను. అందు భీష్ముడు అన్యాయము నెదిరించు యుద్ధమును నిందింపడు. అతని వాదము నాకు బలమైనదిగనే కనబడును. నా మనస్సు మాత్రము యుధిష్ఠిరుని వైపే ఒరగును.

తెలుగువారు ఈ లెక్కకు వెలుపలివారు కారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేయగా విశాఖ జనము మూటాముల్లె కట్టుకొని పల్లెలకు పరుగిడిరి. ఖరగ్‌పూర్‌లోని మనవారికి ఆ వార్త సొంత ఇంటి వార్త. రెండేండ్లకు ఆ ప్రక్క మైదానముల నుండి లేచిన విమానములను చూచి వారు సంతసించియుండినచో, నేను తప్పుపట్టలేను.

టోక్యో న్యాయస్థానములో బెంగాలీ న్యాయమూర్తి రాధావినోద పాల్ 1948లో తన భిన్నాభిప్రాయమును వ్రాసెను. నిందితులందరును నిర్దోషులని ఆయన తీర్పు. అణుబాంబు వేయవలెనన్న నిర్ణయమును గూర్చి గెలిచినవారిని ఎవరడుగుదురని ఆయన ప్రశ్న. తీర్పు నాకు సమ్మతము కాదు, జపాను సేనల దోషము దానివలన పలుచబడినది. ప్రశ్నకు మాత్రము సమాధానము నేటికిని రాలేదు. జపాను ప్రభుత్వము 1964లో లెమేకును, 1966లో పాల్‌కును ఉన్నత బిరుదములు ఇచ్చి సత్కరించినది. తమను కాల్చినవానికిని, కాల్చుట నేరము కాదాయని అడిగినవానికిని!

1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ హిజ్లీలో సాంకేతిక విద్యాలయమును ప్రారంభించెను. చెరసాలకు ఇప్పుడు అమరవీరుల పేరు పెట్టి, అందొక విజ్ఞానప్రదర్శనశాలను ఏర్పరచిరి. ఊరి ప్రక్కనున్న కలైకుండ నేటికిని భారత వాయుసేన స్థావరము. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్ విమానములు ఢాకా నుండి వచ్చి దానిపై దాడి చేయగా, మన ఆల్ఫ్రెడ్ కుక్ తన హంటర్ విమానముతో వాటిని తరిమెను. ఆ పోరు చాల తక్కువ యెత్తున, విద్యాలయ ఆవరణకు పైననే జరిగినది. ఒక సేబరు కూలి అఫ్జల్ ఖాన్ అను యువ వైమానికుడు మరణించెను. విద్యార్థులు తరగతుల నుండి, వసతిగృహముల నుండి వెలుపలికి వచ్చి తలలెత్తి చూచుచుండిరి.