రాత్రికి రాత్రే పుట్టే మైదానం

వికారాబాదు నుండి వచ్చే రైలు మా మర్పల్లి దాటితే కోహీరు చేరుతుంది. ఆ కోహీరు చలి ఏటా పత్రికలకెక్కుతుందని మిత్రులకు విదితమే. అయినా అక్కడి చెరువు నీరు గడ్డకట్టదు. మంచుపై హాకీ ఆడే తావు చూడాలంటే సిమ్లా దాకా పోవలసిందే.

అక్కడి లక్కడ్ బజారు దిగువన 1920లో ఒక చిన్న మైదానం వెలిసింది. టెన్నిస్ కోర్టులో నీరు గడ్డకట్టడం గమనించిన బ్లెస్సింగ్టన్ అనే దొర దానికి శ్రీకారం చుట్టాడని ప్రతీతి. 1864 నుండి సిమ్లా తెల్లవారి వేసవి రాజధాని. చలి ముదిరేసరికి సర్కారు కొండ దిగేది. కొండపై మిగిలినవారికి ఆ మంచే వేడుక.

విశేషమేమంటే, ఆ మంచును యంత్రాలు కాక ఆకాశమే చేస్తూ వచ్చింది. రాత్రివేళ నేలపై పలుచగా నీరు చల్లుతారు. మబ్బు లేకుంటే నేలలోని వేడి నింగికి పోయి, నీరు పొరమీద పొరగా బిగుసుకుంటుంది. మబ్బు పట్టిందా, దుప్పటి కప్పినట్లే. మరునాడు ఆట లేదు. మంచు కుదిరిన ఉదయం, ఎండ ఎక్కకముందే, పిల్లలూ పెద్దలూ ఉక్కు అంచుల బూట్లు తొడిగి దిగుతారు. హాకీకి జట్టుకు ఆరుగురు. బంతికి బదులు రబ్బరు బిళ్ళ.

కాలక్రమేణా శీతకాలాలు వేడెక్కి ఆట దినాలు తగ్గిపోయాయి. యంత్రాలతో మంచు పరచవచ్చు, ఆట నిలుస్తుంది. కాని ఈ రాత్రి మబ్బు పట్టకూడదని ఊరంతా ఒక్కటై ఆకాశం వంక చూసే ఆరాటం ఏ యంత్రమిస్తుంది? ఆ చూపు మా కంది రైతుకు తెలుసు. అతడు మబ్బు రావాలని చూస్తాడు, అంతే భేదం.