గుడారం మోసిన భుజాలు

వేసవి సెలవులు మొదలవగానే మధ్యతరగతి కుటుంబాలు కొండల బాట పడతాయి. నైనీతాల్, ముక్తేశ్వర్, కౌసానీ పరిసరాల్లోని చెక్క కుటీరాలకూ గుడారాల శిబిరాలకూ అప్పుడు గిరాకీ ఎక్కువ. పిల్లలకు మంచుకొండలు చూపాలన్న కోరికలో తప్పేమీ లేదు. అయితే ఈ కొండ విడిది అనే అలవాటుకు ఒక రాజకీయ చరిత్ర ఉంది. అందులో గుడారంలో నిద్రించినవారి జ్ఞాపకాలు పుస్తకాలకెక్కాయి. దాన్ని కొండమీదికి మోసినవారి పేర్లు మాత్రం గ్రామపెద్ద దగ్గరి రిజిస్టర్లలోనే మిగిలాయి. ఆ రిజిస్టర్లు చివరికి నదిలో కలిశాయి.

గూర్ఖాల ఏలుబడిలో ఉన్న కుమావోన్‌ను ఈస్టిండియా కంపెనీ 1815లో స్వాధీనం చేసుకుంది. 1841లో షాజహాన్‌పూర్‌కు చెందిన బారన్ అనే చక్కెర వ్యాపారి నైనీతాల్ సరస్సు అందాన్ని తెల్లవారికి చాటిచెప్పాడు. అనతికాలంలోనే అది వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. దొరల కుటుంబాలు కొండెక్కాయి. కానీ చక్రాల బండి నడిచే దారులు అక్కడ తక్కువ. గుడారాలు, మంచాలు, వంటపాత్రలు, చివరికి మనుషులు కూడా మనుషుల భుజాలమీదే ప్రయాణించాలి.

ఆ భుజాలను సర్కారు భూమిశిస్తు ఏర్పాటుతో ముడిపెట్టి సంపాదించింది. భూమి ఉన్న రైతు శిస్తుతోపాటు చాకిరీ కూడా బాకీ అన్నమాట. ఆ చాకిరీకి మూడు పేర్లుండేవి. నామమాత్రపు కూలి ఇవ్వాల్సిన మోత ‘కూలీ ఉతార్’. అదీ లేనిది ‘కూలీ బేగార్’. విడిది చేసిన వారికి పాలు, ధాన్యం, కట్టెలు, పశువులకు గడ్డి సమకూర్చడం ‘కూలీ బర్దాయిష్’. ఎవరి వంతు ఎప్పుడో గ్రామపెద్ద రిజిస్టరులో రాసి ఉంచేవాడు. పిలుపు వస్తే కోతకొచ్చిన చేను వదిలి వెళ్లాల్సిందే. పర్యటనకొచ్చిన అధికారులు, సైనికులతో ఇది ఆగలేదు. వేటకూ విహారానికీ వచ్చిన తెల్లవారూ ఆ భుజాలను హక్కుగా వాడుకున్నారు.

పూర్వపు పాలకుల కాలంలోనూ బేగార్ ఉండేది. కంపెనీ, ఆపై బ్రిటిష్ సర్కారు దానికి కాగితం, లెక్క, క్రమం తెచ్చిపెట్టాయి. 1916లో ఏర్పడిన కుమావోన్ పరిషత్తు మొదట విన్నపాలతో ఈ దురాచారంపై పోరాడింది. ఫలితం కనిపించలేదు. 1921 జనవరిలో మకర సంక్రాంతి నాటి ఉత్తరాయణీ మేళాకు సరయూ, గోమతి నదులు కలిసే బాగేశ్వర్‌లో వేలాదిమంది చేరారు. బద్రీదత్ పాండే తదితరుల నాయకత్వంలో ఇకపై బేగార్ చేయబోమని ప్రతిన పూనారు. గ్రామపెద్దలు రిజిస్టర్లను సరయూ నదిలోకి విసిరేశారు. సర్కారు చివరికి ఆ పద్ధతికి స్వస్తి చెప్పక తప్పలేదు. అదే ఏడాది సిమ్లా కొండల్లో, అమెరికాలో పుట్టి ఇక్కడివాడైపోయిన స్టోక్స్ బేగార్‌పై ఉద్యమం నడిపాడు.

ఈ కథ మనకు దూరమైనదేమీ కాదు. గూడెం ఏజెన్సీలో రోడ్డు పనులకు మన్యం ప్రజలను బలవంతపెట్టి, కూలి సరిగా ఇవ్వని అధికారుల దౌర్జన్యం అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న తొలి దాడి జరిగింది చింతపల్లి పోలీసు స్టేషన్‌పైనే. నేడు చలికాలంలో పర్యాటకులు గుడారాలు వేసుకునే లంబసింగి ఆ చింతపల్లి మండలంలోనిదే.

కుమావోన్ రైతు నదిలో కలిపిన మాట రాజ్యాంగంలో మళ్లీ కనిపిస్తుంది. 23వ అధికరణం ఆంగ్ల పాఠంలో సైతం ‘బేగార్’ అన్న మాట యథాతథంగా ఉంది. రాజ్యాంగ కర్తలు మన నేలమీది అవమానాన్ని దాని సొంత పేరుతోనే నిషేధించారు. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధానికి పదును పెట్టింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం వెట్టితో సమానమేనంది. లాఠీ చూపిస్తేనే బలవంతం అనుకోనక్కర్లేదు, ఆకలీ పేదరికమూ బలవంతాలేనంది.

ఈ కొలబద్దతో నేటి కొండ విడిదులను చూడాలి. సామాను మోసే కుర్రవాడు, తెల్లవారకముందే నీళ్లు కాచే స్త్రీ, రాత్రంతా నెగడు దగ్గర కాపలా కాసే వృద్ధుడు, వీరి కూలి ఎంత? మధ్యవర్తి కోత ఎంత? సీజన్ ముగిశాక వారి బతుకేమిటి? ప్రభుత్వాలు వచ్చిన యాత్రికుల సంఖ్యను ఘనంగా ప్రకటించుకుంటాయి. విడిదికి అనుమతి ఇచ్చేటప్పుడు వేతనాల జాబితా చూపమని అడగడం వాటికి కష్టమైన పనేమీ కాదు. కుటుంబంతో వెళ్లే మనకూ ఆ ప్రశ్న వేసే హక్కుంది. కొండ గాలి ఎవరి సొత్తూ కాదు. అక్కడి మనిషి చెమటకు మాత్రం ధర ఉంది. దాన్ని చెల్లించకపోతే ఆనాటి రిజిస్టరు నదిలో మునగలేదనే అనుకోవాలి.