వంట నేర్పుటకు బడి యేల?

వంట నేర్పుటకు బడి యేల? తల్లి ప్రక్కన గూర్చుండి పిల్లలు నేర్చుకొనరా? గ్రామములలో పెద్దలు వేయు ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. నూట యేబది యేండ్ల క్రిందట ఇంగ్లండు దేశీయులకును ఇదియే యెదురైనది. వారు కనుగొనిన సమాధానమును, అందు వారు చేసిన పొరపాటులను తెలిసికొనుట మనకు మేలు.

ఆ దేశమున యంత్రశాలలు వెలసిన పిదప జనులు పల్లెలు విడిచి పట్టణములు చేరిరి. పెరడు పోయినది, పాడి పోయినది. తల్లులు పెక్కురు తెల్లవారకమునుపే మిల్లులకు బోవలసి వచ్చెను. తల్లికే తీరిక లేనపుడు బిడ్డ యెవరి ప్రక్కన గూర్చుండును? కొన్న రొట్టెయు, తేనీరును పేదలకు ముఖ్యాహారములైనవి. 1874లో లండనులో వంట బోధించు ఉపాధ్యాయినులకై శిక్షణాలయము తెరువబడెను. 1882 నుండి వంట నేర్చిన బాలికల లెక్కను బట్టి ప్రభుత్వము పాఠశాలలకు గ్రాంటు నొసగెను. అయితే ఆ చదువు బాలికలకే, అందునను పేద బాలికలకే. పనికత్తెలను, పొదుపరులైన ఇల్లాండ్రను తయారు చేయుటయే నాటివారి తలంపు.

1899 మొదలు 1902 వరకు జరిగిన బోయరు యుద్ధమున, సైన్యములో జేరవచ్చిన యువకులు పెక్కుమంది దేహబలము చాలక తిరస్కరింపబడిరి. దీనిని విచారించిన సంఘము 1904లో నివేదిక నొసగి, వంటవిద్యను వృద్ధి చేయుమనియు, ఆకలిగొన్న బడిపిల్లలకు అన్నము పెట్టుమనియు సూచించెను. 1906లో బడి భోజనముల చట్టము వచ్చెను. 1912లో హాప్కిన్సు పండితుడు తన పరీక్షలను ప్రకటించెను. శుద్ధి చేసిన పిండిపదార్థము, మాంసకృత్తులు, క్రొవ్వు, లవణములు మాత్రమే తినిన ఎలుకపిల్లలు పెరుగలేదు. కొంచెము పాలు చేర్చగనే పెరిగినవి. పాలలోని ఆ సూక్ష్మపదార్థములనే విటమినులందుము. నాటితో వంట చేతిపని మాత్రమే గాక శాస్త్రమును అయ్యెను.

ఈ శాస్త్రముతో మన కేమి పని యందురేమో! ఆ కాలముననే మన సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి యుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, చచ్చుబడి, గుండె బలహీనమై జనులు మరణించెడివారు. మన గృహిణులకు వండుట రాకనా? కాదు. దంపుడు బియ్యమునకు మారుగా మిల్లులో మెరుగుపెట్టిన పచ్చిబియ్యము వచ్చినది. తవుడుతో బి1 విటమిను పోయినది. మిగిలినదియు కడుగునీళ్లతోను, గంజితోను పోయినది. ఉప్పుడు బియ్యము తినువారికి ఈ వ్యాధి అరుదు. ఎంత నేర్పరియైన తల్లికిని ఇది కంటికి గనబడు సంగతి కాదు. నీలగిరులలోని కూనూరులో ఆహార పరిశోధనలు సాగించిన డాక్టరు మెక్కారిసను 1928లో మన దేశపు బడులకై ఆహారమును గూర్చి ఒక వాచకము ప్రకటించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది.

ఇంగ్లండులో పిమ్మట ఆహారపాఠము బాలురకును చెప్పసాగిరి. ఇది మేలే. కాని దానిని యంత్రకళలలో కలిపినందున, పిల్లలు వండుట తగ్గి, అమ్మకపు పొట్లములకు బొమ్మలు గీయుట హెచ్చెనని విమర్శ కలిగెను. అందుచే 2014లో వంటను, పోషణమును 14 ఏండ్ల వరకు జాతీయ పాఠ్యప్రణాళికలో నిలిపిరి. ఆపై తరగతులకు 2016లో ప్రత్యేక పాఠ్యక్రమము ఆరంభమైనది. అందు మార్కులలో సగము వ్రాతపరీక్షకు, సగము ప్రయోగమునకును వంటకును. విద్యార్థి 3 గంటలలో 3 వంటకములు చేసి చూపవలెను.

కావున మన ప్రశ్నకు సమాధానమిది. చేతినేర్పు తల్లి యొద్ద గలదు. అది బడి యియ్యజాలదు. కారణము తెలుపుట బడి పని. గంజి వార్చిన ఏమి పోవునో ఆడపిల్లతోపాటు మగపిల్లవాడును తెలిసికొనిననాడు, తల్లి నేర్పు వ్యర్థము గాదు. ఇంటనున్న తిండి ఒంటికి బట్టును.