దఫ్తరు భాష - ఇంటి భాష



రెవెన్యూ శాఖలో నా కొలువు నారాయణఖేడ్ తాలూకా కచేరీలో మొదలైంది. ఒకనాడు ఒక ముసలి రైతు తన తాత కాలపు సేత్వార్ నకలు పట్టుకొని వచ్చాడు. అది ఉర్దూలో ఉంది. చదవడం అతనికీ రాదు, నాకూ రాదు. ఊళ్లోని ఉర్దూ పంతులుగారిని బతిమాలి చదివించాము. తన భూమి సంగతి తన భాషలో లేకపోతే మనిషి ఎంత పరాధీనుడో ఆనాడు తెలిసింది.

నిజాం రాజ్యంలో 1884లో ఫారసీకి బదులు ఉర్దూ రాజభాష అయింది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. ప్రజలలో అధికులు మాట్లాడేది మాత్రం తెలుగు, మరాఠీ, కన్నడం. 1921లో హైదరాబాదు వివేకవర్ధని సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో మన పొరుగున జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది.

ఈ మధ్య స్పెయిన్ దేశపు కాటలాన్ ప్రజల చరిత్ర చదువుతుంటే ఆ రైతే గుర్తుకు వచ్చాడు. 1714లో బార్సిలోనా నగరం రాజు సేనలకు లొంగిపోయింది. 1716 నాటి రాజశాసనంతో అక్కడి ఉన్నత న్యాయస్థానంలో స్పానిష్ వచ్చి కూర్చుంది. 1939 తర్వాత ఫ్రాంకో పాలనలో కాటలాన్‌ను బడుల నుండి, కచేరీల నుండి తొలగించారు. అయినా ఇళ్లలో తల్లులు ఆ భాష విడువలేదు. 1975లో ఫ్రాంకో మరణించాడు. 1979లో కాటలాన్ తిరిగి అధికార భాష అయింది, 1983 చట్టంతో బడులలో స్థిరపడింది. ఇంట్లో నిలిచిన భాషకే దఫ్తరులో మళ్లీ చోటు దొరికింది.

బీదరు జిల్లాలోని మన తాలూకా 1956లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. 1966 చట్టంతో తెలుగు అధికార భాష అయింది. మనకు న్యాయం జరిగింది. కాని ఈ సరిహద్దు పల్లెల్లో కన్నడం, మరాఠీ మాట్లాడే ఇళ్లున్నాయని మరువరాదు. ఆ రైతు పడిన ఇబ్బంది వారు పడకూడదు. ఉర్దూ మీద కోపమూ తగదు. ఆనాడు మమ్మల్ని గట్టెక్కించినది ఆ పంతులుగారే కదా!

చివరగా ఒక మనవి. మీ ఇళ్లలో పాత ఉర్దూ కాగితాలుంటే, తెలిసినవారు ఉండగానే చదివించి, తెలుగులో రాయించి పెట్టండి. ఆ రాతను మనుమలచేత పైకి చదివించండి. వారు తడుముకోకుండా చదివితే సంతోషమే. తడబడితే మాత్రం మన పని ఇంకా మిగిలి ఉన్నట్లే.